ఆకాశం నుంచి చమురు కనబడదు, నేల కనబడతది

(ధూల్‌పేటలో విద్యార్థులు, ఉద్యోగులు కలిసి పెట్టుకున్న ఆదివారం సభలో మా పత్రిక తరఫున చేసిన ప్రసంగం పూర్తి పాఠం)



బయట వాకిట్ల వినాయకుని విగ్రహాలు ఎండుతున్నయి. పొద్దటినుంచి మబ్బు పట్టి ఉన్నది. చినుకు పడితే మీల సగం మంది లేచి కవర్లు కప్పడానికి ఉరకాలె. అది మాకు తెలుసు. అందుకని సుత్తి లేకుండ విషయంలకు వస్తం.

ఒక్క మాట మాత్రం ముందు చెప్పాలె. ధూల్‌పేట అంటే ఒకప్పుడు పేపర్లల్ల గుడుంబా వార్తే. ఎక్సైజు దాడి జరిగితే ఫోటో వేసిండ్రు, లేకుంటే ఈ దిక్కు చూడలేదు. మట్టిని పిడికిట్ల పట్టి తడి ఎంత, ఇసుక ఎంత చెప్పగలిగిన మనుషులు ఇక్కడ తరాలుగా ఉన్నరని రాసింది తక్కువ. కాగితం, పుల్ల చూసి పతంగి ఏ గాలికి నిలబడతదో చెప్పేటోళ్లు ఉన్నరని రాసింది ఇంకా తక్కువ. మా వృత్తిల ఉన్నోళ్లందరం ఆ తప్పుల భాగస్తులమే. ఇయ్యాల చెప్పబోయే సంగతి కూడ మట్టి సంగతే కాబట్టి, ఇది మీ దగ్గర చెప్పుడే సరైంది అనుకుంటున్నం.

ఈ ప్రసంగానికి మూలం ఒక ప్రశ్న. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి నిసార్ ఉపగ్రహం పోయింది. మన ఇస్రో, అమెరికా నాసా కలిసి చేసిన రాడార్ ఉపగ్రహం అది. ఆ వార్త వచ్చినంక ఒక డిగ్రీ తమ్ముడు మా ఆఫీసుకు వచ్చి అడిగిండు. "అన్నా, ఇది భూమి లోపలి దాంక చూస్తదంటున్నరు. మన గోదావరి లోయల చమురు ఉంటే దీనికి కనబడతదా? కనబడితే మనకెందుకు చెప్తలేరు?"

నవ్వే ప్రశ్న కాదు. ఉద్యమంల పెరిగిన ప్రశ్న ఇది. 2011ల సకల జనుల సమ్మె నడిచిన 42 రోజులు ఇక్కడున్న ఉద్యోగులకు యాదికుంటయి. సింగరేణి కార్మికుడు బాయి దిగకపోతే కరెంటు సంగతి ఏమైతదో అప్పుడే అందరికి అర్థమైంది. మేము సుత ఆ రోజుల్ల రోడ్డు మీద కూసున్నోళ్లమే. మా బొగ్గు ఎటు పోతున్నది, మా నీళ్లు ఎటు పోతున్నయి అని లెక్క అడుగుడు నేర్చుకున్నది అక్కడనే. గట్ల నేర్చుకున్న ప్రశ్నను ఊరికే "లేదులే తమ్మీ" అని పంపించబుద్ధి కాలేదు. కొన్ని రోజులు చదివినం, తెలిసినోళ్లను అడిగినం. తేలింది ఇది: రాడార్‌కు చమురు కనబడదు. ఏ దేశపు రాడార్‌కూ కనబడదు. అయినా చమురు కంపెనీలు యాభై ఏండ్లకు పైగా రాడార్ బొమ్మలు కొంటున్నయి. ఈ రెండు మాటలూ నిజమే. ఎట్ల నిజమో చెప్తం.

గోల్కొండ మీకు నడిచిపోయేంత దూరం. ఫతే దర్వాజ గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలాహిసార్ దగ్గర వినబడతది. చప్పుడు పోయి గోడకు తగిలి తిరిగి వచ్చుడే దాని రహస్యం. రాడార్ కూడ అంతే. చప్పుడుకు బదులు రేడియో తరంగం. విమానం నుంచో ఉపగ్రహం నుంచో పక్కకు, ఏటవాలుగా నేల మీదికి కొడతరు. నేలకు తగిలి ఎంత సేపటికి తిరిగి వచ్చింది, ఎంత బలంగ వచ్చింది, ఈ రెండే దానికి తెలుసు. సేపును బట్టి దూరం తెలుస్తది. బలాన్ని బట్టి నేల గుణం తెలుస్తది.

హుస్సేన్‌సాగర్ రాడార్ బొమ్మల నల్లగ ఉంటది. ఎందుకంటే నీళ్లు అద్దం లెక్క. ఏటవాలుగా వచ్చిన తరంగాన్ని అటే తోసేస్తయి, వెనకకు పంపయి. అదే పాతబస్తీ తెల్లగ మెరుస్తది. గోడ, నేల కలిసే మూల తరంగాన్ని వచ్చిన దారినే వాపస్ పంపుతది. మన హైదరాబాద్ చుట్టూ ఉన్న రాళ్ల గుట్టలు గరుకుగ ఉంటయి కాబట్టి అవీ వెలుగుతయి. గుట్ట వెనక భాగానికి తరంగం అందదు, అక్కడ నీడ పడతది. సాయంత్రం ఏటవాలు ఎండల చిన్న మిట్ట కూడ పొడుగు నీడ ఏస్తది చూడుండ్రి, అట్ల. మిట్టపల్లాలు, గీతలు, పగుళ్లు మామూలు ఫోటోల కన్న రాడార్ బొమ్మల కొట్టొచ్చినట్టు కనబడేది అందుకే. పైగ దానికి పొద్దు అక్కరలేదు, మబ్బు అడ్డం కాదు. ఇప్పుడు మీ నెత్తి మీదున్న మబ్బు లోంచి సుత అది ఈ వాకిలిని చూడగలదు.

మరి లోపలికి చూస్తదా? ఇక్కడ మట్టి పని తెలిసినోళ్లు జర ఇనాలె. 1981 నవంబర్‌ల అమెరికా స్పేస్ షటిల్ కొలంబియా మీద ఒక రాడార్ పెట్టి పంపిండ్రు. అది ఈజిప్టు దక్షిణాన, సూడాన్ ఉత్తరాన ఉన్న ఎడారి మీదికెళ్లి పోయింది. పైనుంచి చూస్తే అక్కడ ఒట్టి ఇసుక. రాడార్ బొమ్మల మాత్రం పురాతన నదుల వాగులు, లోయలు బయటపడ్డయి. ఇసుక పొర కింద వేల, లక్షల ఏండ్ల కింద పారిన నదులు అవి. ప్రపంచమంత ముక్కు మీద వేలేసుకున్నది. "భూమి లోపలికి చూసే రాడార్" అన్న మాట అక్కడినుంచే ఊర్లల్లకు వచ్చింది. కాని లోపలికి అంటే ఎంత? మీటరు, రెండు మీటర్లు, మహా అయితే ఇంకొంచెం. అది కూడ ఎముక లెక్క ఎండిన ఇసుకల. తడి తగిలితే తరంగం అక్కడికక్కడే చస్తది. మీరు విగ్రహానికి కలిపే తడి మట్టిల అయితే వేళ్ల మందం కూడ పోదు. కోనసీమ వరిమడి, మన నల్లరేగడి వానాకాలంల ఎట్లుంటయో మీకే తెలుసు. చమురు ఉండేదేమో రెండు, మూడు, నాలుగు కిలోమీటర్ల కింద.

నిసార్‌ల రెండు రాడార్లు ఉన్నయి. ఒకటి దాదాపు 24 సెంటీమీటర్ల తరంగం, నాసాది. రెండోది 9 సెంటీమీటర్ల పైచిలుకు, ఇస్రోది. పొడుగు తరంగం చెట్ల ఆకుల నడుమ నుంచి కిందికి దిగుతది, నేలను తాకి వస్తది. అడవి కింది నేల రూపం తెలుస్తది. అంతే గాని, కిలోమీటర్ల లోతు సంగతి దానికి తెల్వదు.

అయితే కంపెనీలు ఎందుకు కొంటున్నయి అంటే, చమురు ఉండే తీరు వల్ల. చాలమంది చమురు అంటే భూమి కింద చెరువు లెక్క ఉంటదనుకుంటరు. అట్ల ఉండదు. నీళ్లల్ల నానబెట్టిన ఇటుకను చూసిండ్రు కద. ఇటుక గట్టిగనే ఉంటది, నీళ్లు దాని సందుల్ల ఉంటయి. ఇసుకరాయి సందుల్ల చమురు గట్ల ఉంటది. అది తేలిక కాబట్టి పైకి పాకుతనే ఉంటది. పైన గట్టి బంకమట్టి రాయి బోర్లించిన మూకుడు లెక్క అడ్డం పడితేనే ఆగుతది, లేదా రాళ్లు పగిలి జారిన కాడ గోడ కట్టినట్టయితే ఆగుతది. ఆగిన కాడ జమ అయితది. ఆ మూకుడు, ఆ పగులు కొన్నిచోట్ల పైనున్న నేల మీద గుర్తు వదులుతయి. గుట్టల వరస వంగుతది. వాగు ఉన్నట్టుండి మూల తిరుగుతది. నేల మీద చెక్కినట్టు సక్కటి గీత పడతది. రాడార్ ఆ గుర్తులను చూస్తది. చూసి "ఇక్కడ వెతుకుండ్రి" అనగలదు. "ఇక్కడ ఉన్నది" అనలేదు.

మబ్బు, అడవి కలిసి ఫోటోలను పనికి రానియ్యని దేశాలల్ల ఇది మస్తు పనికొచ్చింది. 1967ల పనామా దేశంల డేరియన్ ప్రాంతాన్ని విమానం రాడార్‌తోని బొమ్మ తీసిండ్రు. అప్పటిదాంక ఆ జాగకు సరైన పటమే లేదు, ఎప్పుడూ మబ్బే. 1971 నుంచి బ్రెజిల్ ప్రభుత్వం అమెజాన్ మొత్తం మీద అదే పని చేసింది. 1981 షటిల్ రాడార్ తీసిన ఇండోనేషియా అడవుల బొమ్మలను పట్టుకొని ఫ్లాయిడ్ సాబిన్స్ అనే చమురు కంపెనీ భూగర్భ శాస్త్రవేత్త రాళ్ల మడతలను గీసి 1983ల వివరంగా అచ్చు వేసిండు. దట్టమైన అడవి కప్పు మీద కూడ కింది గుట్టల రూపం తెలుస్తున్నదని చూపిచ్చిండు. దాని తర్వాత పని వేరే ఉంటది. ఎంచుకున్న జాగల భూమిల చిన్న బొక్కలు వేసి మందు పేల్చి గానీ, బరువు లారీలతోని నేలను అదిరించి గానీ, లోతు నుంచి తిరిగొచ్చే కంపనాలను వింటరు. కిలోమీటర్ల లోతు చూసేది ఇగో ఈ కంపనాల పద్ధతి. మన ఉప్పల్‌ల ఉన్న ఎన్‌జీఆర్ఐ, 1961ల పెట్టిన సంస్థ, ఇసొంటి పనులకు పేరు పొందింది. దాని తర్వాత బోరు. బోరు పడ్డాకనే ఉన్నదా లేదా తేలుతది. ఎండిపోయిన బోర్ల లెక్క తెలంగాణ రైతుకు ఎవరూ చెప్పే పని లేదు.

సముద్రంల మాత్రం రాడార్ ఇంకో అడుగు ముందుకు పోతది. సముద్రం అడుగున పగుళ్ల నుంచి చమురు కొంచెం కొంచెం పైకి ఊరుతది కొన్నిచోట్ల. నీళ్ల మీద పలుచని తెట్టు కడితే చిన్న అలలు అణిగిపోతయి. అలలు లేని జాగ రాడార్‌కు నల్లమచ్చ. అదే మచ్చ అదే జాగల మళ్ల మళ్ల కనబడితే కింద ఊట ఉన్నదని అనుమానం. అనుమానమే. గాలి పడిపోయినా నల్లమచ్చే, ఓడ వాడు మురికి చమురు వదిలినా నల్లమచ్చే. ఈ పనిని ఏ యంత్రం లేకుండ చేసిన మనిషి ఒకడున్నడు. మెక్సికో జాలరి రుదెసిందో కాంతారెల్. 1961ల చేపల వేటకు పోయినకాడ నీళ్ల మీద జిడ్డు చూసిండు. ఏండ్ల తర్వాత పోయి చమురు కంపెనీకి చెప్పిండు. 1976ల అక్కడ బయటపడ్డది ప్రపంచంల పెద్ద చమురు క్షేత్రాలల్ల ఒకటి. దానికి అతని పేరే పెట్టిండ్రు. పేరైతే పెట్టిండ్రు గానీ ఆయన జాలరిగనే బతికి జాలరిగనే పోయిండని చెప్తరు.

ఇగ ఒక మోసం కథ. ఇది చెప్పకుంటే మా తమ్ముని ప్రశ్నకు సగం జవాబే అయితది.

1970లల్ల ప్రపంచమంత చమురు కరువు. ఫ్రాన్స్‌ల ఎల్ఫ్ అని ప్రభుత్వ చమురు కంపెనీ. దాని దగ్గరికి ఇద్దరు వచ్చిండ్రు. ఒకడు బెల్జియం జమీందారీ కుటుంబపోడు, అలెన్ ద విల్లెగాస్. రెండోటాయన ఇటలీకి చెందిన అల్దో బొనస్సోలి, టీవీలు గిట్ల బాగుచేసుకుంట సొంతంగ నేర్చుకున్నోడు. విమానంల మా యంత్రం పెడితే భూమి లోపలి చమురు తెర మీద బొమ్మ లెక్క కనబడతది అన్నరు. అది రాడార్ కాదు, ఏ తరంగమో వాళ్లు చెప్పనే లేదు. రహస్యం అన్నరు. రహస్యం అనంగనే పెద్దోళ్లకు ఇంకా నమ్మకం కలిగింది. 1976ల ఒప్పందం అయ్యింది. తెలిసిన చమురు క్షేత్రాల మీద విమానం ఎగిరేస్తే యంత్రం కరెక్టుగ చూపెట్టింది. చూపెట్టదా మరి, ఆ క్షేత్రాల పటాలు ముందే సంపాదించుకున్నరు. కొత్త జాగల బోరు వేస్తే ఏమీ లేదు. అయినా పైసలు పోతనే ఉన్నయి. దేశ అధ్యక్షుడు జిస్కార్ దెస్తాఁ సుత 1979ల పోయి యంత్రాన్ని చూసి వచ్చిండు.

ఆ ఏడే జూల్ హొరోవిట్జ్ అనే భౌతిక శాస్త్రవేత్త వచ్చిండు. ఆయన చేసిన పరీక్ష చిన్న పిల్లగాడు చేసేటంత సులువైంది. మీ యంత్రం గోడ వెనక వస్తువును చూపిస్తదంటిరి కద, ఈ స్కేలును చూపెట్టుండ్రి అన్నడు. స్కేలు గోడ వెనక పెట్టిండు. పెట్టేటప్పుడు ఎవరికి చెప్పకుండ వంచిండు. తెర మీద స్కేలు బొమ్మ వచ్చింది, సక్కగ, నిటారుగ. కథ అక్కడ ఖతం. పదుల కోట్ల ఫ్రాంకులు గంగల కలిసినయి. దాని మీద ఆడిట్ అధికారి రాసిన నివేదిక కాపీలను చింపేసిండ్రు. జనానికి తెలిసింది 1983 డిసెంబర్‌ల. తెలిపింది ఏ పెద్ద దినపత్రికా కాదు, లె కనార్ అన్‌షెనే అనే వారపత్రిక. వారపత్రిక నడిపేటోళ్లం కాబట్టి ఈ సంగతి జర గట్టిగనే చెప్తున్నం, ఏమనుకోకుండ్రి.

అది ఫ్రాన్స్ కథ, మనకెందుకు అనొద్దు. మన దగ్గర అసొంటి మోసం జరిగిందని మేము అంటలేము. కాని కింద చూడకముందే పైన అంకెలు చెప్పుడు మనమూ చూసినం. 2005 జూన్‌ల గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీకి కృష్ణా గోదావరి సముద్రంల 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ దొరికిందని అప్పటి ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ ప్రకటించిండు. తర్వాత లెక్క తీస్తే అది పదో వంతుకు వచ్చింది. చివరికి 2017ల ఆ క్షేత్రంల 80 శాతం వాటా ఓఎన్‌జీసీ చేతికి పోయింది. రిలయన్స్ వాళ్ల డీ6 సంగతి మీకు ఎరుకే. 2002ల కనుగొన్నరు, 2009 ఏప్రిల్‌ల గ్యాస్ మొదలైంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు తీస్తమన్నరు. 2010ల 6 కోట్ల దాంక పోయి, 2013 వచ్చేసరికి కోటిన్నర కిందికి పడ్డది. భూగర్భం అనుకున్నట్టు లేదని కంపెనీ అన్నది. ఒప్పుకున్నన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం అన్నది. కొట్లాట మధ్యవర్తుల దాంక పోయింది.

ఈ అంకెలు పడిపోతే దెబ్బ ఎవరికి తగులుతదో చూడుండ్రి. కరీంనగర్ దగ్గర నెదునూరు. 2,100 మెగావాట్ల గ్యాస్ కరెంటు కేంద్రం అన్నరు. భూమి తీసుకున్నరు. గ్యాస్ కేటాయింపు రాలేదు, కేంద్రం లేవలేదు. ఉద్యమ సభలల్ల నెదునూరు పేరు ఎన్నిసార్లు ఎత్తినమో లెక్క లేదు. అప్పుడు మనం అడిగింది వాటా. న్యాయమైన ప్రశ్నే. ఇప్పుడు వెనకకు తిరిగి చూస్తే ఇంకో ప్రశ్న కూడ అడగాల్సి ఉండె అనిపిస్తది: మీరు పంచుతమంటున్న గ్యాస్ అసలు ఎన్ని బావులల్ల తేలింది? ఆ ప్రశ్న మేము రాయలేదు. రాయకపోవుడు మా తప్పు.

రామగుండం సంగతి సుత చెప్పాలె. బొగ్గుతోని నడిచిన పాత ఎరువుల కర్మాగారం 1999ల మూతబడ్డది. ఇరవై ఏండ్లు దాటినంక, 2021ల, గ్యాస్ మీద నడిచే కొత్తది మొదలైంది. కాకినాడ దిక్కు మల్లవరం నుంచి వచ్చే పైపులైను మీద ఆధారపడి నడుస్తున్నది అది. బొగ్గు కుప్ప మీద కూసున్న ఊరు గ్యాస్ కోసం ఎక్కడి పైపు దిక్కో చూడాల్సి వచ్చింది.

గ్యాస్ బయటికి వచ్చే కాడ బతికేటోళ్ల గతి సుత మనకు తెలియాలె. 1995 జనవరిల పాసర్లపూడి బావి అంటుకుంటే రెండు నెలలకు పైగ మండింది. 2014 జూన్ 27న నగరం ఊర్ల గ్యాస్ పైపు పేలి ఇరవై మందికి పైగ కాలి సచ్చిపోయిండ్రు. మన కొట్లాట పాలకులతోని, పెత్తనంతోని. కోనసీమ కొబ్బరితోటల కూలితోని మనకు ఏనాడూ పంచాయితీ లేదు.

ఇగ తమ్ముడు అడిగిన గోదావరి లోయకు వద్దాం.

ప్రాణహిత గోదావరి లోయ అంటే ఆసిఫాబాద్, మంచిర్యాల దిక్కు నుంచి భూపాలపల్లి, కొత్తగూడెం మీదుగ ఆగ్నేయానికి దిగే పొడుగు పట్టె. భూమి రెండు పగుళ్ల నడుమ కిందికి జారి, ఆ గుంటల కోట్ల ఏండ్లు ఇసుక, మట్టి, చెట్లు నిండినయి. ఆ చెట్లే మన బొగ్గు. 1871ల జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును కనుగొన్నడు. ఉపగ్రహం లేదు, విమానం లేదు. కాళ్లు, సుత్తె, వాగు ఒడ్డున బయటపడ్డ రాళ్లు. ఆ కథ 1889ల తవ్వకం దాంక, తర్వాత సింగరేణి దాంక వచ్చింది. అదే లోయల యామన్‌పల్లి దగ్గర రాళ్లల్ల దొరికిన బొక్కలను జోడిస్తే పెద్ద డైనోసార్ అయ్యింది. 1988ల దానికి పెట్టిన శాస్త్రీయ నామంల ఆ ఊరి పేరే ఉన్నది, కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. మన బిర్లా సైన్స్ మ్యూజియంల నిలబెట్టిండ్రు. పిల్లలను తీసుకపోయి చూపెట్టుండ్రి. ఉద్యమంల మనకు చరిత్ర లేదన్నోళ్లకు చూపెట్టాల్సింది దాన్నే అని మేము ముచ్చటకు అనుకునేది.

అక్కడ చమురు ఉన్నదా? కేంద్ర ప్రభుత్వ లెక్కల దేశంల 26 అవక్షేప బేసిన్లు ఉన్నయి. కృష్ణా గోదావరి మొదటి తరగతి. మన ప్రాణహిత గోదావరి మూడో తరగతి, అంటే ఉండొచ్చు, ఇంకా రుజువు కావాలె అని. వ్యాపారంగ చమురు గానీ గ్యాస్ గానీ అక్కడ ఇప్పటిదాంక తీసింది లేదు. ఆ రాళ్లు ఎక్కువగ నదులు, చెరువులు పరిచినవి. సముద్రం అడుగున పేరుకున్న బురద చమురుకు మంచి వంటిల్లు. బొగ్గు ఎక్కువగ ఇచ్చేది గ్యాస్.

కాని ఒక ముచ్చట ఆశ పెడతది. మన లోయ భద్రాచలం దాటి ఆగిపోలేదు. అది కోస్తా డెల్టా కిందికి పోయింది. తూర్పు గోదావరి దిక్కు మండపేటల ఓఎన్‌జీసీ తీసిన గ్యాస్ ఆ పాత గోండ్వానా రాళ్ల నుంచి వచ్చిందే. మన సింగరేణి బొగ్గు కాలపు రాళ్లు అక్కడ కిలోమీటర్ల లోతుల, మీద మందపాటి పొరల మూత పెట్టుకోని ఉన్నయి. మనకాడ అవే రాళ్లు చాలాచోట్ల మూత లేకుండ పైకి తేలి ఉన్నయి. కుండల అన్నం ఉడకాలంటే మూత ఉండాలె, మంట ఉండాలె. మనకాడ ఎక్కడైనా లోతుల, మూత కింద ఉడికిందా అన్నదే అసలు వెతుకులాట. 2014ల గీసిన గీత మనుషులది. రాళ్లకు ఆ గీత తెల్వదు.

ఇక్కడ రాడార్ ఏం చేస్తది? లోయ అంచుల పగుళ్లను కవ్వాల్, ఏటూరునాగారం, కిన్నెరసాని అడవుల కింద సుత గీత లెక్క చూపెడతది. వానాకాలం నాలుగు నెలలు మామూలు ఉపగ్రహానికి మబ్బే కనబడతది, దీనికి ఆ తిప్పలు లేదు. ఇంకో పని కూడ ఉన్నది, మా లెక్కల అదే ముఖ్యం. ఒకే జాగను 12 రోజులకొకసారి చూసుకుంట, నేల సెంటీమీటరు కుంగినా నిసార్ పట్టుకోగలదు. బొగ్గు బాయి మీద ఇండ్లు పగిలినకాడ, డెల్టాల మా భూమి కుంగుతున్నదని రైతులు మొత్తుకునేకాడ, కంపెనీ మాట ఒక దిక్కు, బాధితుని మాట ఒక దిక్కు ఉంటది. రాడార్ కొలత ఎవరి దిక్కూ ఉండదు. నెదర్లాండ్స్‌ల గ్రోనింగెన్ గ్యాస్ క్షేత్రం కింద భూమి కుంగి, అదిరి, ఇండ్లు పగిలితే జనం ఏండ్లకేండ్లు కొట్లాడిండ్రు. 2024ల చట్టం చేసి ఆ క్షేత్రాన్ని మూసిండ్రు. కొలతలు చేతిల ఉండబట్టి నిలబడ్డ కొట్లాట అది.

రాడార్ చూపెట్టనిది కూడ చెప్పాలె. పొడుగు తరంగం ఆకులను దాటి నేలను చూస్తది గానీ, ఆ ఆకుల కింద ఉన్న గోండు గూడేన్ని, కోయ గుంపును వెతికే పటంల ఎవరూ గీయరు. చమురు పటంల అది ఖాళీ జాగ. 1970 నాటి భూబదలాయింపు చట్టం, 1996 పెసా, 2006 అటవీ హక్కుల చట్టం అక్కడ ఉన్నయి. గ్రామసభను అడగకుండ మందు బొక్క కూడ వేయొద్దని మనం ముందే అనకపోతే, మన రాష్ట్రంల మన వాళ్లే ఆ పని చేస్తరు. రాష్ట్రం వచ్చినంక ఇది అనుడు కష్టమే. అయినా అంటున్నం.

ఇగ చివరి ముచ్చట విద్యార్థులకు. మేము చిన్నప్పుడు బాలానగర్ బస్సుల పోతుంటే ఒక పొడుగు గోడ కనబడేది. లోపల ఏమున్నదో మాకు ఏ సారూ చెప్పలేదు. అది ఎన్ఆర్ఎస్ఏ. 1974ల పెట్టిండ్రు, 2008ల ఇస్రోల కలిసి ఎన్ఆర్ఎస్‌సీ అయ్యింది. దేశం నేలంత చూసే ఉపగ్రహాల బొమ్మలు దిగేది మన షాద్‌నగర్‌ల. 2012 ఏప్రిల్ 26న పోయిన రిశాట్-1, 2022ల పోయిన ఈఓఎస్-04, ఇవన్నీ రాడార్ ఉపగ్రహాలే. బేగంపేట నుంచి ఎగిరే ఆ సంస్థ విమానాలను చూసి మనం పెండ్లి వాళ్లవో, మంత్రులవో అనుకున్నం. ఒకప్పుడు ఈ బొమ్మ కావాలంటే దరఖాస్తు, ఫీజు, అనుమతి. 2021ల పటాల నిబంధనలు సడలించిండ్రు. 2023 అంతరిక్ష విధానం ప్రకారం 5 మీటర్లు, అంతకన్న ముతక బొమ్మలు ఉచితం. ఎన్ఆర్ఎస్‌సీ వాళ్ల భూనిధిల పేరు నమోదు చేసుకుంటే చాలు. ఐరోపా వాళ్ల సెంటినెల్-1 రాడార్ బొమ్మలు 2014 నుంచి ఎవరికైనా ఫుకటే.

కాబట్టి "మనకెందుకు చెప్తలేరు" అన్న తమ్ముని ప్రశ్నకు మా జవాబు ఇది. బొమ్మ దాచే కాలం చాలమట్టుకు పోయింది. చదివేటోడు కావాలె. భూగర్భ శాస్త్రం తీసుకుంటమంటే "ఏం ఉద్యోగం వస్తది" అని ఇంట్ల అంటరు. ఉస్మానియాల జియాలజీ, జియోఫిజిక్స్ శాఖలు ఉన్నయి, ఉప్పల్‌ల ఎన్‌జీఆర్ఐ ఉన్నది, బాలానగర్ ఉన్నది. ఇంత దగ్గర ఇన్ని ఉన్న ఊరు దేశంల ఇంకోటి మాకు యాదికొస్తలేదు.

ఒక అన్న చీటీ పంపిండు. "ధూల్‌పేట కింద చమురు ఉన్నదా?" అని. లేదన్నా. మీ ఇంటి కింద ఉన్నది దాదాపు 250 కోట్ల ఏండ్ల నాటి గ్రానైటు. అగ్గిల పుట్టిన రాయి, చమురుకు జాగ ఇయ్యదు. రాడార్ అక్కరలేదు, బోరు వేసినోన్ని అడిగినా చెప్తడు.

వచ్చే ఆదివారం ఇదే హాలుల కూసుందాం. ఇద్దరు తమ్ముళ్లు లాప్‌టాప్‌లు తెస్తమన్నరు. యామన్‌పల్లి ఉన్న జాగ రాడార్ బొమ్మ తెర మీద పెట్టి, వాగులు ఎక్కడ మూల తిరుగుతున్నయో ముందు మనమే గీద్దాం. తర్వాత జియాలజీ చదివిన ఒక సారుకు చూపెడదాం, ఎన్ని తప్పులు పోయినయో లెక్క పెడతడు. చినుకులు మొదలైనట్టున్నయి, విగ్రహాల వాళ్లు లేవుండ్రి.

జై తెలంగాణ.